గ్రేటర్ ఫలితాలను సంఘం ఎలా చదువుకోవాలి?

2020 డిసెంబర్ 6వ తేదీ ఆదివారం, ఆరాధన ముగిసి అందరూ మాస్కులు సర్దుకుని బయటికి వెళ్తున్న వేళ ఒక పెద్దావిడ మమ్మల్ని ఆపి అడిగారు: "అయ్యగారూ, ఇంతకీ ఎవరు గెలిచినట్టు? టీవీలో పొద్దున ఒకటన్నారు, రాత్రికి ఇంకొకటన్నారు. మేయరు ఎవరో ఎవ్వరూ చెప్పలేదు."

ప్రియ పాఠకులారా, ఆ ప్రశ్నకు గుమ్మం దగ్గర నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం మావల్ల కాలేదు. ఆ వారమంతా అదే ప్రశ్న ఫోన్లలోనూ వినబడింది. చిక్కడపల్లి నుంచి, నారాయణగూడ నుంచి, అశోక్‌నగర్ నుంచి. అడిగిన వారిలో చదువుకున్న వారూ ఉన్నారు, సంఘ పెద్దలూ ఉన్నారు. కాబట్టి ఈ వారం సంపాదకీయాన్ని దానికే కేటాయిస్తున్నాం.

ముందు లెక్క చూద్దాం. గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో అప్పుడు 150 డివిజన్లుండేవి. డిసెంబర్ 1న పోలింగ్, 4న లెక్కింపు జరిగాయి. తెలంగాణ రాష్ట్ర సమితికి 56, భారతీయ జనతా పార్టీకి 48, మజ్లిస్‌కు 44, కాంగ్రెస్‌కు 2 వచ్చాయి. 2016లో ఇదే నగరంలో టీఆర్‌ఎస్‌కు 99, మజ్లిస్‌కు 44, బీజేపీకి 4, కాంగ్రెస్‌కు 2, తెలుగుదేశానికి 1. ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టుకుంటే జరిగింది కళ్లకు కడుతుంది. మజ్లిస్ అంకె కదలలేదు, కాంగ్రెస్ అంకె కదలలేదు. టీఆర్‌ఎస్ పోగొట్టుకున్న నలభై మూడు స్థానాలకు సరిపడా బీజేపీ పెరిగింది. తెలుగుదేశం ఖాతా ఖాళీ అయింది. కాంగ్రెస్‌కు దక్కిన రెండూ నగరం తూర్పు కొసనున్న ఉప్పల్, ఏఎస్ రావు నగర్. ఫలితాలు వచ్చిన రాత్రే ఆ పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు ఉత్తమ్ కుమార్ రెడ్డి పదవికి రాజీనామా చేశారు.

మన చుట్టుపక్కల సంగతి మీకు తెలిసే ఉంటుంది. గాంధీనగర్, కవాడిగూడ, రాంనగర్, హిమాయత్‌నగర్, కాచిగూడ డివిజన్లు బీజేపీకి వెళ్లాయి. ముషీరాబాద్ అసెంబ్లీ నియోజకవర్గంలోని ఆరు డివిజన్లలో అయిదింట బీజేపీ, ఒక్క భోలక్‌పూర్‌లో మజ్లిస్ గెలిచాయి. అయిదేళ్ల కిందట గెలిచిన టీఆర్‌ఎస్‌కు ఈ నియోజకవర్గంలో ఈసారి ఒక్కటీ రాలేదు.

"పొద్దున ఒకటి, రాత్రికి ఇంకొకటి" అన్న మాటకు కారణం చెప్పాలి. కరోనా వల్ల ఈసారి ఈవీఎంలు పక్కన పెట్టి కాగితపు బ్యాలెట్ వాడారు. లెక్కింపు మొదలుపెట్టేటప్పుడు ముందుగా తీసేవి పోస్టల్ బ్యాలెట్లు. వాటిలో చాలా డివిజన్లలో బీజేపీ ముందుంది. టీవీల వాళ్లు ఆ గుప్పెడు ఓట్లనే పట్టుకుని ఎనభై పైచిలుకు డివిజన్లలో ఆధిక్యం అని హోరెత్తించారు. అసలు పెట్టెలు తెరిచి, కాగితాలు కట్టలు కట్టి, లెక్కపెట్టడం మొదలైన తర్వాత మధ్యాహ్నానికి బొమ్మ మారింది. అంతే జరిగింది. మోసమేమీ లేదు, మాయా లేదు. మన వాట్సాప్ ప్రార్థనా గుంపుల్లో తిరిగిన కొన్ని సందేశాలు చూసి ఈ మాట ప్రత్యేకంగా రాయవలసి వస్తోంది.

ఇంకో రెండు చోట్ల గందరగోళం జరిగింది. ఓల్డ్ మలక్‌పేటలో బ్యాలెట్ మీద సీపీఐ అభ్యర్థి పేరు ఎదుట సీపీఎం గుర్తు అచ్చయింది. పోలింగ్ ఆపి 3వ తేదీన మళ్లీ పెట్టారు. నేరేడ్‌మెట్‌లో కొందరు ఓటర్లకు స్వస్తిక్ ముద్ర బదులు పోలింగ్ కేంద్రం ముద్ర అందించారు. ఆ ముద్ర ఉన్న ఓట్లు చెల్లుతాయని ఎన్నికల సంఘం లెక్కింపు ముందటి రాత్రి ఆదేశమిస్తే, పొద్దున్నే హైకోర్టు దాన్ని నిలిపివేసింది. అక్కడ ఆధిక్యం కంటే ఆ వేరే ముద్ర ఓట్లే ఎక్కువ కావడంతో ఫలితం ఆగిపోయింది. కోర్టు అనుమతి తర్వాత 9న లెక్క పూర్తి చేస్తే ఆ స్థానం టీఆర్‌ఎస్‌కు వెళ్లింది. 55 అని విన్నవారు తర్వాత 56 అని విన్నది అందుకే.

స్వస్తిక్ ముద్ర అన్నాం కాబట్టి ఒక మాట. "ఆ గుర్తు మేం వేయవచ్చా అయ్యగారూ?" అని మా సంఘంలో ఇద్దరు ముగ్గురు అడిగారు. నవ్వుకోవద్దు, వారు మనస్సాక్షితోనే అడిగారు. అది ఏ దేవుని గుర్తూ కాదు, ఏ పార్టీ గుర్తూ కాదు. బాణపు కొసలున్న ఆ రబ్బరు ముద్రను కాగితం మడిచినప్పుడు సిరా పక్క గడిలో అంటుకున్నా, అసలు ముద్ర ఎక్కడ వేశారో తిప్పి చూసి తేల్చుకోవడానికి వీలుగా తయారు చేశారు. దశాబ్దాలుగా ఈ దేశంలో కాగితం మీద ఓటు వేసిన ప్రతివారూ, మన తాతలూ అవ్వలూ సహా, వేసిన ముద్ర అదే.

ఇక మేయర్ సంగతి. 2002లో పాత హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్‌కు ఎన్నికలు జరిగినప్పుడు మేయర్‌కు మనమే నేరుగా ఓటు వేశాం. తీగల కృష్ణారెడ్డి అలా ఎన్నికయ్యారు. 2007లో చుట్టూ ఉన్న 12 మున్సిపాలిటీలను కలిపి గ్రేటర్ చేసిన తర్వాత పద్ధతి మారింది. ఇప్పుడు మనం కార్పొరేటర్‌ను ఎన్నుకుంటే వారు మేయర్‌ను ఎన్నుకుంటారు. వారితోపాటు ఎక్స్ అఫీషియో సభ్యులుగా నమోదైన ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలకూ ఓటుంటుంది. 2020లో అలాంటివారు నలభైమందికి పైగా ఉండేవారు, వారిలో ఎక్కువ మంది టీఆర్‌ఎస్ వారే. ఓటు చేతులెత్తి వేస్తారు. కోరం ఉంటే చాలు, హాజరైనవారిలో ఎవరికి ఎక్కువ చేతులు లేస్తే వారే మేయర్. మొత్తం సభ్యుల్లో సగం దాటాలన్న నియమం లేదు. పాత పాలకమండలి గడువు 2021 ఫిబ్రవరి 10 వరకు ఉండింది. ఆ తర్వాతే కొత్తవారి ప్రమాణం, మేయర్ ఎన్నిక. ఈసారి ఆ పదవి మహిళకు కేటాయించారు. కాబట్టి పెద్దావిడ అడిగిన దానికి జవాబు ఇది: అప్పటికి ఇంకా ఎవరూ మేయర్ కాలేదు. ఏ పార్టీకీ సొంతంగా సగం రాలేదు. 2009లో ఇలాగే ఎవరికీ మెజారిటీ రాకపోతే కాంగ్రెస్, మజ్లిస్ ఒప్పందం చేసుకుని పదవీకాలాన్ని పంచుకున్నాయి.

ఇంతవరకు ఏ దినపత్రికైనా చెబుతుంది. సంఘంగా మనం చదువుకోవలసిన లెక్క వేరే ఉంది.

నగరంలో ఓటర్లు 74 లక్షల 67 వేల మందికి పైగా. ఓటు వేసినవారు 46.55 శాతం. టీఆర్‌ఎస్‌కూ బీజేపీకీ పోలైన ఓట్లలో చెరొక 35 శాతం పైచిలుకు వచ్చాయి. ఇద్దరి మధ్య తేడా సుమారు పావు శాతం. ఇప్పుడు ఈ రెండింటినీ గుణించి చూడండి. నూరుమంది ఓటర్లను ఒక వరుసలో నిలబెడితే మొదటి పార్టీకి వేసినవారు పదిహేడు మంది, రెండో పార్టీకి వేసినవారు దాదాపు పదిహేడు మంది, మజ్లిస్‌కు వేసినవారు తొమ్మిదిమంది లోపు. ఇంట్లో కూర్చున్నవారు యాభై మూడు మంది. ఈ ఎన్నికలో అన్నిటికంటే పెద్ద పార్టీ ఆ యాభై మూడు మందిదే. బీఎన్ రెడ్డి నగర్ డివిజన్‌లో గెలుపు తేడా 32 ఓట్లు. మా చిన్న సంఘంలో రెండు వరుసల బెంచీల మీద కూర్చునేవారు అంతమంది ఉంటారు.

అన్ని చోట్లా ఇలాగే లేదు. కంచన్‌బాగ్‌లో పోలింగ్ 70 శాతం దాటితే, యూసుఫ్‌గూడలో 33 శాతానికి లోపే ఆగింది. 51 చోట్ల మాత్రమే పోటీ చేసిన మజ్లిస్ 44 గెలిచిందంటే, వారి ఓటర్లు కొన్ని పేటల్లో దగ్గర దగ్గరగా ఉండటమూ, పోలింగ్ కేంద్రానికి నడిచి వెళ్లడమూ రెండూ కారణాలే. అక్కడి వారి రాజకీయాలు మనకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. పోలింగ్ కేంద్రానికి వెళ్లే అలవాటు మాత్రం వారిని చూసి నేర్చుకోవచ్చు.

ఆ ఆదివారం మేము వేదిక మీద నుంచి ఒక పని చేశాం. "ఎడమ చేతి వేలి మీద సిరా ఉన్నవారు చేయెత్తండి" అన్నాం. లేచిన చేతులు సగానికి తక్కువే. ఎవరినీ తప్పుపట్టే హక్కు మాకు లేదు, ఎందుకంటే తప్పు మా దగ్గరే మొదలైంది. ఆగమనకాలపు మొదటి ఆదివారం, నవంబర్ 29న, మేము నగరం కోసం పది నిమిషాలు ప్రార్థించాం. శాంతి కోసం, అధికారుల కోసం, కరోనా వార్డుల్లో ఉన్న నర్సుల కోసం ప్రార్థించాం. "రేపు మంగళవారం ఓటు ఉంది, మీ పేరు ఏ కేంద్రంలో ఉందో చూసుకున్నారా?" అని ఒక్క ముక్క అడగలేదు. శని, ఆది, కార్తీక పౌర్ణమి సెలవు సోమవారం, పోలింగ్ సెలవు మంగళవారం. నాలుగు రోజులు వరుసగా కలిసివస్తే జనం ఊళ్లకు పోతారని మాకు తెలియనిది కాదు. మా ఇంట్లోనే ఒకరి పేరు ఇల్లు మారిన పాత చిరునామా మీద వేరే డివిజన్‌లో ఉండిపోయింది. అక్కడికి వెళ్లేసరికి ఆలస్యమై తలుపులు మూశారు. మందకు చెప్పవలసిన కాపరి ఇంటి పరిస్థితి ఇది.

ఎందుకు వేయలేదని కొందరిని నెమ్మదిగా అడిగాం. మూడు రకాల జవాబులు వచ్చాయి. కరోనా భయం అన్నవారితో వాదించం. వృద్ధులున్న ఇళ్లకు అది నిజమైన భయమే. జాబితాలో పేరు లేదన్నవారు ఉన్నారు, వారి సంగతి కిందికి వస్తాం. మూడో జవాబే మమ్మల్ని ఆలోచింపజేసింది: "వాళ్లిద్దరి కొట్లాట అయ్యగారూ, మధ్యలో మనకేం పని?"

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. ఈ ప్రచారంలో నగరం పేరు మార్చడం గురించి విన్నాం. పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ గురించి విన్నాం. ఢిల్లీ నుంచి, లక్నో నుంచి నాయకులు వచ్చారు. రెండు వైపుల నుంచీ మతం పేరు వినిపించిన ఎన్నికలో, రెండు వైపులా లేని మనవాళ్లు తలుపు వేసుకోవడమే క్షేమమనుకున్నారు. అయితే ఆ సభలన్నిటిలో మన వీధి వెనకాల పారే నాలా గురించి ఎవరెంత మాట్లాడారు? హుసేన్‌సాగర్ నిండితే మిగులు నీరు కవాడిగూడ, అశోక్‌నగర్, నల్లకుంట మీదుగా మూసీ వైపు పోయే నాలా అది. అక్టోబర్ 13, 14 తేదీల వానకు దాని పక్క కాలనీల్లో ఏం జరిగిందో మన సంఘస్థులకు తెలుసు. మంచాలు ఇటుకల మీదికెత్తి, బియ్యం డబ్బాలు అటకెక్కించి రాత్రంతా కూర్చున్న కుటుంబాలు మనలో ఉన్నాయి. ప్రభుత్వం ప్రకటించిన పదివేల రూపాయల సాయం కోసం మీసేవ కేంద్రాల ముందు వరుసల్లో నిలబడ్డారు. నవంబర్ 18న ఎన్నికల సంఘం ఆ పంపిణీ ఆపింది. ఎన్నికల తర్వాత మళ్లీ ఇస్తామన్నందుకు డిసెంబర్ 7న మళ్లీ వరుసలు కట్టారు. రానక్కరలేదు, సిబ్బందే ఇంటికి వచ్చి చూస్తారని అధికారులు చెప్పి పంపారు. నీరు వచ్చినప్పుడు అది ఎవరి మతం ఏమిటని అడగలేదు.

కార్పొరేషన్ పని ఏమిటో ఇక్కడ కాస్త వివరించాలి, ఎందుకంటే దానిది కాని పనులకు దాన్ని తిడతాం, దాని పనులు అడగడం మరచిపోతాం. మంచినీళ్లు, మురుగు పైపులు జలమండలి చూస్తుంది. నెలకు 20 వేల లీటర్లు ఉచితం అన్న అప్పటి ప్రచార వాగ్దానం అమలు కావలసి ఉండింది అక్కడ. రేషన్ కార్డు పౌరసరఫరాల శాఖది. ట్రాఫిక్ పోలీసులది. వాన నీటి నాలాల పూడిక, చెత్త, వీధి దీపాలు, పార్కులు, కాలనీ రోడ్లు, ఇంటి పన్ను, కట్టడాల అనుమతి, దోమల మందు, జనన మరణ ధ్రువపత్రాలు కార్పొరేషన్‌వి. 2020 జూలైలో శంకుస్థాపన జరిగిన ఇందిరా పార్కు - వీఎస్టీ ఉక్కు వంతెన పనీ దానిదే. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మీదుగా అది లేచినన్నాళ్లూ కింద ఆటో దొరక్క నడిచింది మనమే, అంగడి మూసుకున్నది మన చిక్కడపల్లి చిల్లర వర్తకులే.

మరణ ధ్రువపత్రం అన్నాం. 2020లో మేము సంతకం చేసిన భూస్థాపన కాగితాలు, అంతకుముందు ఏ ఏడాదీ చేయనన్ని. నారాయణగూడ సమాధుల తోటలో తాతముత్తాతల పక్కన చోటు దొరకడం ఎంత కష్టమో, ఎన్ని కుటుంబాలు పాత సమాధినే మళ్లీ తెరిపించుకుంటున్నాయో మీకు వేరే చెప్పనక్కరలేదు. కొత్త చోటు కావాలంటే ప్రభుత్వం భూమి ఇవ్వాలి. ఆ అడుగు డివిజన్ నుంచి, కార్పొరేటర్ చేతి మీదుగా పైకి వెళ్తేనే బలం. ఓటు అడగడానికి వచ్చిన అభ్యర్థుల్లో ఒక్కరినైనా మనం ఈ మాట అడిగామా? మేమైతే అడగలేదు. కండువా కప్పించుకుని, ప్రార్థన చేసి పంపాం.

నెహెమ్యా గ్రంథం మూడో అధ్యాయాన్ని మనం సాధారణంగా పేర్ల జాబితా అని దాటేస్తాం. యెరూషలేము గోడ కట్టినవారి పట్టిక అది. కంసాలులున్నారు, వర్తకులున్నారు, కుమార్తెలను వెంటబెట్టుకుని వచ్చిన షల్లూము ఉన్నాడు. చాలామంది తమ ఇంటికి ఎదురుగా ఉన్న ముక్క కట్టారు. మొత్తం నగరాన్ని ఎవరూ భుజాన వేసుకోలేదు. తెకోవ ఊరివారి గురించి మాత్రం అక్కడ ఒక చేదు ముక్క ఉంది. ఊరి సామాన్యులు పనిచేశారు, వారి పెద్దలు మాత్రం మెడ వంచలేదు. అదే సామాన్యులు తమ భాగం ముగించి ఇంకో భాగం కూడా కట్టారని అధ్యాయం చివర్లో కనబడుతుంది. మన సంఘాల్లోనూ ఓటు వేసి వచ్చినవారిలో ఎక్కువమంది పనిమనుషులు, ఆయాలు, డ్రైవర్లు, పారిశుద్ధ్య పనివారు. చేతులెత్తమన్నప్పుడు వెనక బెంచీల్లో లేచినన్ని చేతులు ముందు కుర్చీల్లో లేవలేదు.

జాబితాలో పేరు లేనివారి సంగతి కిందికి వస్తామన్నాం. మున్సిపల్ జాబితాను అసెంబ్లీ ఓటర్ల జాబితా నుంచే తీస్తారు. కాబట్టి పేరు చేర్చుకోవలసింది అక్కడ, ఎన్నిక ప్రకటన రాక ముందే. ఫారం 6 నింపితే చేర్చుతారు, ఇల్లు మారితే మార్చుకోవచ్చు. అశోక్‌నగర్ గదుల్లో ఉండి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువుకునే మన యౌవనస్థులకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాం. గ్రూప్స్ పుస్తకంలో 74వ రాజ్యాంగ సవరణ ఏ సంవత్సరమో మీకు కంఠతా వచ్చు. దాని వల్ల వచ్చిన ఓటు మాత్రం పాలమూరులోనో కరీంనగర్‌లోనో ఉంటుంది. హాస్టల్లో ఉండి చదువుకునేవారు సొంత ఊళ్లోనైనా, ఉంటున్న చోటనైనా, ఏదో ఒక్కచోట నమోదు చేసుకోవచ్చు. నాలుగైదేళ్లు ఈ చెత్తకుండీ పక్కనే బతికే మీకు ఈ చెత్తకుండీ మీద మాట ఉండాలి.

లండన్‌లో ఉన్న మన తెలుగు కుటుంబాల విషయం చెబితే కొందరు ఆశ్చర్యపోతారు. భారత పౌరులు కామన్వెల్త్ దేశపువారు కాబట్టి, అక్కడ నివాసముంటే బరో కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. అక్కడ కూడా పెద్దగా వెళ్లరు. 2018లో లండన్ బరోల్లో పోలింగ్ దాదాపు 39 శాతమే. 2020 మే నెలలో జరగవలసిన ఇంగ్లండ్ స్థానిక ఎన్నికలు కరోనా వల్ల 2021కి వాయిదా పడ్డాయి. అక్కడి నుంచి ఫోన్ చేసి ఇక్కడి ఫలితాల మీద గంటసేపు వాదించిన ఒక సోదరుణ్ణి, మీ బరో కౌన్సిలర్ పేరేమిటని అడిగితే ఆయన మాట మార్చేశారు. మన రోగం దేశం మారినా మారలేదు.

గెలిచిన కార్పొరేటర్ మన ఓటుతో గెలిచినా, మనం వేయని ఓటుతో గెలిచినా, అయిదేళ్లూ మన కార్పొరేటరే. చుట్టూ బీజేపీ గెలిచిందని కొందరు విశ్వాసులు బెంగపడుతున్నారు, కొందరు సంతోషిస్తున్నారు. రెండు రకాల ఫోన్లూ మాకు వచ్చాయి. బెంగపడేవారికి మేము చెప్పేది ఒక్కటే. వెళ్లి కలవండి. భయపడి దూరంగా ఉంటే వారికి మనం తెలియం, మనకు వారు తెలియరు. సంతోషించేవారికి చెప్పేది కూడా అదే. వెళ్లి కలిసి, నాలా పూడిక ఎప్పుడు తీస్తారో అడగండి. అప్పటి 150 స్థానాల్లో సగం మహిళలకు కేటాయించినవి. మన పక్క డివిజన్లలోనూ గెలిచినవారిలో మహిళలున్నారు. మన స్త్రీల సమాజం వెళ్లి మాట్లాడితే ఆ మాట ఎక్కువ దూరం పోతుందని మా నమ్మకం. చట్టంలో వార్డు కమిటీ, ఏరియా సభ అనే ఏర్పాట్లున్నాయి. అవి కాగితం మీదే మిగలకుండా అడిగేవారు కావాలి.

ఒక హెచ్చరిక కూడా. సంఘం తరఫున వెళ్లేవారు చర్చి ప్రహరీ గోడకూ, క్రిస్మస్ లైట్లకూ మాత్రమే అర్జీ పట్టుకుని వెళ్లకండి. నాలా పక్క కాలనీలో మన ఇళ్లు పది ఉంటే ఇతరుల ఇళ్లు వంద ఉన్నాయి. చెరలో ఉన్నవారికి యిర్మీయా రాసిన ఉత్తరంలో క్షేమం కోరమన్నది బబులోను పట్టణమంతటికీ, అందులోని యూదుల వీధికి మాత్రమే కాదు.

మా సంఘంలో ఈ ఆదివారం నుంచి ఒక పని మొదలుపెడుతున్నాం. తలుపు దగ్గర, చేతులు శుభ్రం చేసుకునే సీసా పక్కన, ఒక బల్ల వేస్తున్నాం. దాని మీద సభ్యుల పట్టిక ఉంటుంది. పేరు ఎదుట మూడు గడులు: ఇల్లు ఏ డివిజన్, ఓటర్ల జాబితాలో పేరు ఉందా, వాన వస్తే నీళ్లు వస్తాయా. ఇద్దరు యౌవనస్థులు ఫోన్లో జాబితా వెతికి పెడతారు. ఫారం 6 కాగితాలు అక్కడే ఉంటాయి. మొదటి పేరు మా ఇంటిదే రాశాం. రెండో గడిలో, ప్రస్తుతానికి, "లేదు" అని ఉంది.